సొందమా, సొంతమా

మా అక్క పెళ్ళి ఫోటోలో నా మోచేయి మాత్రమే ఉంది. ఎడమ అంచున పట్టు పరికిణీ కొస, దాని పైన రెండు మట్టిగాజులు, ఆ పైన మోచేయి. మిగతా నేను ఫోటోకు బయట ఉన్నాను. పెళ్ళికూతురి చెల్లెళ్ళు వచ్చి పక్కన నిలబడండి అని పిలిస్తే అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాను. అక్క అత్తగారి తరఫు పెద్దామె ఒకరు నా భుజం పట్టుకుని, "సొంత చెల్లెలు కాదు గదమ్మా, నువ్వు అటు జరుగు," అంది. ఫోటో తీసే ఆయన సరిగ్గా అప్పుడే నొక్కాడు.

ఆ పెద్దామె మీద నాకు కోపం లేదు. ఆమె ఎవరో కూడా ఇప్పుడు గుర్తు లేదు. కానీ ఆ మాట అక్క విన్నది. తలెత్తి నా వైపు చూసింది. మళ్ళీ తల దించుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను మరిచిపోనిది ఆ తల దించుకోవడాన్నే.

మా నాన్న, వాళ్ళ నాన్న అన్నదమ్ములు. మా అమ్మ, వాళ్ళ అమ్మ అక్కచెల్లెళ్ళు. దొరవారిసత్రం దగ్గర మా ఊళ్ళో రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆమె ఒక్కతే కూతురు, నేనూ ఒక్కదాన్నే. ఎవరింట్లో కూర బాగుంటే ఆ ఇంట్లో ఇద్దరం తిన్నాం. పెదనాన్న కూతురిని పిలవడానికి అక్క అన్న మాట కాక ఇంకో మాట ఉంటుందని నాకు ఆ ఫోటో దాకా తెలియదు.

తర్వాత ఇంకా చాలా జరిగాయి. మా అమ్మ పోతే అక్క మూడో రోజు వచ్చి, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. తడ దగ్గర కొత్త ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం కార్డు పాల వ్యాను డ్రైవరు చేత పంపారు. నేను వెళ్ళలేదు. వెళ్ళలేదని వాళ్ళు గమనించారో లేదో కూడా తెలియదు. అదీ గుర్తుంది.

నిరుడు కోతల సమయంలో ఒక ఉదయం మా బావ వచ్చాడు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లను నేను కాలితో తిరగేస్తున్నాను. ఆయన చెప్పులు విప్పి వడ్ల అవతలే నిలబడ్డాడు.

"నిన్ను పిలవడానికి వచ్చినా మే," అన్నాడు.

"గృహప్రవేశానికా బావా? అదయిపోయి ఆరేళ్ళయిందే. కార్డు పాల వ్యానులో వచ్చింది, నువ్వేమో ఇప్పుడు నడిచి వస్తా ఉండావు."

ఆయన నవ్వను కూడా లేదు. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి. నా కాలు ఆగిపోయింది.

"మీ అక్కకు బాగలేదు. రక్తంలో క్యాన్సరంట. మద్రాసులో చూపిస్తా ఉండాం. మందులకు తగ్గింది గానీ నిలవదంట. వేరే మనిషి మూలుగలోని కణాలు ఎక్కించాలంట. ఇంటోళ్ళు ఎవురైనా ఉంటే తీసుకు రమ్మన్నారు. మాకా పిల్లల్లేరు. నువ్వే ఉండేది."

"ఎప్పట్నించి?"

"మూడు నెలలు."

మూడు నెలలు. మా ఊరికీ వాళ్ళ ఇంటికీ గంట ప్రయాణం లేదు. ఆ మూడు నెలలనూ నేను లోపల ఒకచోట పెట్టుకున్నాను. వడ్లు మా ఆయనకు అప్పజెప్పి, అదే రోజు మధ్యాహ్నం రైలెక్కాను.

మద్రాసులో ఆ ఆసుపత్రి ఆరంతస్తులు. దాతల పేర్లు రాసుకునే కౌంటరు రెండో అంతస్తులో ఉంది. అక్క చక్రాల కుర్చీలో, మాస్కు పెట్టుకుని, నెత్తిన చున్నీ కట్టుకుని కూర్చుంది. మాస్కు పైన కళ్ళు చూసి గుర్తుపట్టాను. కౌంటరులో ఉన్న అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి, అరవం కలిసిన తెలుగు మాట్లాడుతోంది. నా వైపు చెయ్యి చూపించి, అక్కను అడిగింది.

"వీళ్ళు మీకు సొందమా?"

"సొంతమే," అంది అక్క. "నా చెల్లెలు."

ఆ అమ్మాయి టకటకా కొట్టుకుంది. కాగితం నా ముందుకు తోసింది. అందులో నా పేరు ఎదురుగా 'సిస్టర్' అని ఉంది.

నేను సరిదిద్దవలసింది. నేను తప్పు కనిపిస్తే ఊరుకునే మనిషిని కాను. కరెంటు బిల్లులో నా ఇంటిపేరులో ఒక దీర్ఘం తగ్గితే, మండలాఫీసులో అర్జీలు తీసుకునే సోమవారాలు నాలుగు తిరిగి సరిచేయించాను. ఆ రోజు మాత్రం కలం తీసుకుని సంతకం పెట్టాను. ఆ మాట కోసం నేను ఎంతకాలం నుంచి ఎదురుచూస్తున్నానో ఆ కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడే నాకు తెలిసింది. బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది, సీసాలో వేసి, వెళ్ళమన్నారు.

పదిహేను రోజులకు డాక్టరు పిలిచాడు. తెలుగాయనే. నా కాగితం చూసి ముందుగా, "వయసు కొంచెం ఎక్కువే, అయినా పర్వాలేదు," అన్నాడు. అది కూడా గుర్తుంచుకున్నాను. తర్వాత చెప్పాడు.

"మీ ఇద్దరి కణాల గుర్తులు సగం కలిశాయి."

"సగమేనా?"

"ఇదివరకైతే సగం అంటే ఆలోచించేవాళ్ళమే కాదమ్మా. పూర్తిగా కలవాలి, లేకపోతే లేదు. ఈమధ్య పద్ధతి మారింది. సగం చాలు."

ఆయన ఓపికగానే చెప్పాడు. ముందు ఒక మందుతో అక్క మూలుగను పూర్తిగా ఖాళీ చేస్తారు. అది మొదలైతే వెనక్కి రావడం లేదు, అక్కకు తన రక్తం అంటూ ఉండదు. అప్పుడు నా మూలకణాలు ఎక్కిస్తారు. అవి ఆమె ఎముకల్లోకి తమంతట తాము దారి వెతుక్కుని వెళ్ళి, కొత్త రక్తం తయారు చేస్తాయి.

"మూలకణాలతో పాటు మీ కాపలా కణాలు కూడా వెళతాయి. చిక్కంతా వాటితోనే. ఆమె చర్మం, పేగులు, కాలేయం అన్నీ వాటికి పరాయివి. పరాయి అని ఒకసారి ముద్ర వేసుకుంటే అవి మరిచిపోవు. కొట్టడం మొదలుపెడతాయి."

మాస్కు వెనక అక్క నవ్వింది. "దాని కణాలు గదా డాక్టరు గారూ. అవెట్టా మరిచిపోతాయి?"

బావ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"అందుకే ఎక్కించాక మూడో రోజు, నాలుగో రోజు ఒక మందు ఇస్తాం," అన్నాడు డాక్టరు. "పాత మందే, ఇలా వాడటం కొత్త. లోపలికి వెళ్ళగానే పరాయి ఒళ్ళని కోపంతో లేచే కణాలు వేగంగా పెరుగుతాయి. పెరిగేవాటినే అది చంపుతుంది. నిదానంగా ఉన్నవి మిగులుతాయి."

"అన్నీ కోపంతో లేచేవే అయితే?"

ఆయన నన్నొకసారి చూశాడు. "అలా ఉండదమ్మా," అన్నాడు. ఎలా తెలుసో చెప్పలేదు.

సాయంత్రం రైల్లో ఇంటికి వస్తూ నేను మరిచిపోవడానికి ప్రయత్నించాను. నిజంగానే. నా లోపల దాచుకున్న కోపాలు నా రక్తంలో కూడా ఉంటాయేమో, కణాలు పట్టే సంచీలో పడి అక్క ఒంట్లోకి వెళతాయేమో అని భయం. అది పిచ్చి భయమని తెలుసు, అయినా పోలేదు. గుమ్మిడిపూండి దగ్గర మూడు నెలలు చెప్పకపోవడాన్ని వదిలేశాను. తడ దగ్గర గృహప్రవేశం కార్డును వదిలేశాను. సూళ్ళూరుపేట వచ్చేసరికి రెండూ మళ్ళీ ఎక్కి నా పక్కనే కూర్చున్నాయి. ఫోటో జోలికి పోనేలేదు.

అక్కను చేర్చుకునే రోజుకు ముందు రోజు నేను ఆసుపత్రి వరండాలో ఇడ్లీ పొట్లం పట్టుకుని కూర్చున్నాను. పక్కన గుమ్మిడిపూండి వైపు మనిషి ఒకామె. సగం అరవం, సగం తెలుగు.

"మీరు పేషెంటుకు ఎన్న సొందం?" అంది.

"చెల్లెల్ని. మీరో?"

"నేను మా పేషెంటుకు దూర సొందం. మా మరిది వియ్యపురాలు ఆమె."

నాకు నవ్వొచ్చింది. "దూరపు సొంతం ఎట్టా ఉంటుందమ్మా? సొంతమంటే దగ్గరే గదా."

"లేదమ్మా, సొందం అంటే చుట్టం. మీ తెలుగులో చుట్టం అంటారే, అదే. మేనమామ తోడల్లుడి కొడుకైనా సొందమే."

పొట్లం నా ఒళ్ళో అలాగే ఉండిపోయింది. కౌంటరులో ఆ అమ్మాయి అడిగింది, వీళ్ళు మీకు చుట్టమా అని. అక్క సొంతమే, చెల్లెలు అంది. ఆ పిల్ల తోడబుట్టిన చెల్లెలని రాసుకుంది. నేను సంతకం పెట్టాను. మా వైపు వాళ్ళకు అరవం కూరగాయలు బేరమాడేంత వస్తుంది. నాకు అంతే. అక్క కాపురం తడ దగ్గర, ఆమెకు బాగా వచ్చు. మరి ఆమె ఏ సొంతం అనుకుని జవాబు చెప్పింది? ఆ ఆలోచన వచ్చింది, కానీ దాని వెనకే ఇంకోటి వచ్చి దాన్ని తోసేసింది. ఆ డాక్టరు తోబుట్టువుల లెక్కలో చదివి సగం అన్నాడు. లెక్కే తప్పయితే? రేపటినుంచి ఆమె మూలుగను ఖాళీ చేస్తారు. ఖాళీ అయ్యాక నా కణాలు పనికిరావని తేలితే?

సంచీలోంచి కాగితం తీసి, ఆ కౌంటరు అమ్మాయి మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. భయమేస్తే నాకు అదొక్కటే చేతనవుతుంది. 'అయ్యా, మీ కౌంటరులో బంధుత్వం తప్పుగా రాసినారు' అని మొదటి వాక్యం వచ్చింది. రెండో వాక్యంలో, తప్పని తెలిసీ సంతకం పెట్టిన మనిషి గురించి రాయాలి. కాగితం మడిచి, మెట్లెక్కి డాక్టరు గది వైపు వెళ్ళాను.

లోపల అక్క బల్ల మీద కూర్చుని ఉంది, బావ పక్కన నిలబడ్డాడు. డాక్టరు రేపటి మందులు రాస్తున్నాడు.

"డాక్టరు గారూ, ఆ కాగితంలో తప్పుంది," అన్నాను. "నేను ఆమెకు సొంత చెల్లెల్ని కాదు."

బావ ముఖం ఎర్రబడింది. "ఇప్పుడా మే నీ పంచాయితీ? పెళ్ళిలో మాట ఇప్పుడు తీస్తా ఉండావా? ఆమె ప్రాణం మీద ఉంటే?"

"పంచాయితీ కాదు బావా. అమ్మానాన్నా వేరు గదా మాకు. ఆ పిల్ల ఒకటే అని రాసుకున్నది."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఒక తల్లి పిల్లలు కాదా?"

"కాదు."

ఆ 'కాదు' నా నోటితోనే అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరన్నా అంటే పోట్లాడడానికి సిద్ధంగా ఉన్న మాట. అక్క వైపు చూశాను. ఆమె నన్ను చూసి, తల దించుకుంది. అచ్చం అప్పటిలాగే.

డాక్టరు కోప్పడలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. "రేపు మొదలుపెట్టడం లేదు," అన్నాడు. "తోబుట్టువులనుకుని చదివిన ఫలితం అది. కాదంటే ఇద్దరి రక్తమూ మళ్ళీ తీసి, ఇంకా వివరంగా చదివించాలి. ఈలోపల జబ్బు తిరగబెట్టకుండా ఉండాలి. తిరగబెడితే ఈ దారి మూసుకుపోతుంది."

తొమ్మిది రోజులు. ఆసుపత్రి వెనక వీధిలో వాళ్ళు అద్దెకు తీసుకున్న గదిలో నేను వంట చేశాను. అక్క తినేది మూడు ముద్దలు. ఉదయం ఆమె లేవగానే చేతుల మీద, కాళ్ళ మీద కొత్త మచ్చలేమైనా వచ్చాయా అని ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం చూసేవాళ్ళం. ఆమె పళ్ళు తోముకుంటే ఉమ్ములో ఎరుపుందా అని నేను పంపు దగ్గర ఏదో పని కల్పించుకుని నిలబడేదాన్ని. బావ నాతో మాట్లాడలేదు. ఆరో రోజు మాత్రం అన్నాడు, "నీకు ఆ మాటే ముఖ్యం మే. మనిషి కాదు." అన్నం వడ్డిస్తూ విన్నాను. మరిచిపోలేదు.

అక్క మాత్రం ఒకటే అడిగింది. "చెప్పకుండా ఉంటే ఏమయ్యేది?"

"ఏమీ అయ్యేది కాదేమో."

"అయితే ఎందుకు చెప్పినావు?"

"నువ్వు చస్తావని భయపడి చెప్పినా."

"అదే గదా," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

తొమ్మిదో రోజు డాక్టరు కాగితం వెనక గీతలు గీశాడు. రెండు నిలువు గీతలు అన్నదమ్ములకు, రెండు అక్కచెల్లెళ్ళకు, మధ్యలో అడ్డగీతలు. వాటి కింద అక్కనూ నన్నూ రెండు చుక్కలు చేశాడు. "రెండు వైపులనుంచీ ఒకే ఇంటివాళ్ళు మీరు. పెదనాన్న, చిన్నాన్న పిల్లలకు మామూలుగా ఇంత కలవదు. మీకు కలిసింది. సగం నిజంగా సగమే. చెప్పి మంచి పని చేశారు."

పొగడ్త నాకు అలవాటు లేదు. "మరి ఆ కంప్యూటర్లో ఇంకా సిస్టర్ అనే ఉంది," అన్నాను.

"దాన్ని మార్చాలంటే కింద ఒక అర్జీ ఇవ్వాలి."

నేను ఆ అర్జీ ఇవ్వలేదు.

నాకు అయిదు రోజులు సూదులు వేశారు, మూలుగలోని కణాలు రక్తంలోకి దిగడానికి. మా ఊరికి దగ్గరి కేంద్రంలో రాకెట్ లేచినప్పుడు మా కిటికీ రెక్కలు అదిరినట్టు నడుము ఎముకలు లోపలినుంచి అదిరాయి. అయిదో రోజు ఒక చేతిలోంచి రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ఇంకో చేతిలోకి వదిలారు. నాలుగు గంటలు కదలకూడదు. ముక్కు దురద పెడితే నర్సు గోకింది. పైన వేలాడే సంచీలో పలచగా, చేపల పులుసు తేట రంగులో కొద్దికొద్దిగా చేరింది. ఇంతేనా అనిపించింది. ఇంతలో ఏవి మంచివో, ఏవి కావో కళ్ళకు తెలియదు. ఆ సంచీని ట్రేలో పెట్టుకుని నా ముందునుంచే తీసుకెళ్ళారు. అప్పటికి అక్క మూలుగ ఖాళీ.

మూడో రోజు, నాలుగో రోజు ఆ మందు ఎక్కించారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల నావాళ్ళను ఏరుతున్నారు. పరాయి అని లేచినవాళ్ళను, మరిచిపోనివాళ్ళను. ఒక్కటి కూడా మిగలకూడదని కోరుకుంటూ కూర్చున్నాను. అవి మిగిలితే ఎలా ఉంటుందో నాకంటే ఎవరికి బాగా తెలుసు?

తర్వాతి రోజుల గురించి ఎక్కువ రాయలేను. రోజూ ఉదయం రక్తం తీసేవాళ్ళు, తెల్లకణాలు లేవనేవాళ్ళు. జ్వరం వచ్చింది. నోరంతా పుండ్లు పడి అక్క మాట్లాడలేదు. అద్దం అవతలినుంచి నన్ను చూసి, కళ్ళు మూసుకునేది. నేను పంపినవి దారి తప్పాయని, ఆ ఇంటికి వెళ్ళబుద్ధి కాక నాలాగే మొండికేశాయని అనుకున్నాను. మూడో వారంలో ఒక ఉదయం నర్సు బయటికి వచ్చి, "కణాలు కనిపించాయమ్మా, మీవే," అంది. బావ ఆ బెంచీ మీదే నా పక్కన కూర్చుని, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. 'మనిషి కాదు' అని ఆయన అన్న మాట ఆ పూట గుర్తు రాలేదు. మర్నాడు వచ్చింది.

ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంది. నేను మా ఊరికి వచ్చేశాను. ఆమె ఒంట్లో బలం రాగానే ఫోన్లో అడిగాను.

"అక్కా, ఆ రోజు కౌంటరు దగ్గర సొంతమే అన్నావే. అరవంలో అన్నావా, తెలుగులో అన్నావా?"

"నీకు ఏ భాషలో కావాల మే? చెప్పు, ఆ భాషలో అంటా."

"అది జవాబు కాదు."

"నీ రక్తమే గదా నాలో తిరగతా ఉండేది. దాన్నే అడుగు," అని నవ్వింది. దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

పోయిన వారం ఆమె అరచేతులు ఎర్రబడ్డాయి. అక్కడక్కడ పొక్కులు. డాక్టరు చూసి, నా కణాలే అన్నాడు. కొన్ని మిగిలాయి. కొంచెం ఉంటే ఫర్వాలేదట, క్యాన్సరు కణం ఎక్కడైనా దాక్కుని ఉంటే దాన్ని వెతికి పట్టేవి కూడా అవేనట. మందు రాసి పంపాడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు: ఎరుపు పైకి పాకుతుంటే చూసుకోవాలి, మోచేయి దాటితే ఆ పూటే రావాలి.

రోజూ ఉదయం ఏడింటికి వీడియో కాల్ చేస్తాను. ఈ రోజూ చేశాను.

"ఎట్టుంది, చూపించు."

"చూపిస్తానే ఉండా గదా. నీ కోపం ఇంకా పోలా, చూడు," అని అరచెయ్యి కెమెరా ముందు పెట్టింది. ఎర్రగా ఉంది. నిన్నటికంటే ఎక్కువో తక్కువో తెలియలేదు. మణికట్టు వరకు స్పష్టంగా కనిపించింది. ఆ పైన రవిక చేతి కింద, ఫోను అంచున, మోచేయి సగం మాత్రం కనిపిస్తోంది. మిగతా అక్క బయట ఉంది.

"అటు పోవద్దు," అన్నాను. "ఇటు జరుగు అక్కా. ఇంకొంచెం. వెలుతుర్లోకి జరుగు."